హోమ్‌స్టెడ్ ప్రస్తావన లేని కార్నెగీ కథ

సంపాదకులకు,

అమెరికా పారిశ్రామికీకరణపై గత ఆదివారం మీరు ప్రచురించిన వ్యాసం ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ గ్రంథాలయ దాతృత్వాన్ని విస్తారంగా వర్ణించి, ఆ ధనం ఎలా పోగైందన్న సంగతిని ఒక్క వాక్యంతో దాటవేసింది.

1892లో పెన్సిల్వేనియాలోని కార్నెగీ హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో వేతనాల కోతకు కార్మిక సంఘం ఒప్పుకోకపోవడంతో, నిర్వాహకుడు హెన్రీ ఫ్రిక్ కర్మాగారం చుట్టూ ఎత్తయిన కంచె కట్టించి లాకౌట్ ప్రకటించాడు. జూలై 6 తెల్లవారుజామున పింకర్టన్ అనే ప్రైవేటు సంస్థకు చెందిన సుమారు 300 మంది కిరాయి కాపలాదారులు మొనాంగహీలా నది మీదుగా పడవల్లో వచ్చి దిగబోగా, ఒడ్డున కాచుకున్న కార్మికులకూ వారికీ మధ్య కాల్పులు జరిగి ఇరువైపులా ప్రాణాలు పోయాయి. ఆ రోజు లొంగిపోయింది పింకర్టన్లే. అయినా కొద్ది రోజులకే గవర్నర్ పంపిన సైనిక దళాల అండతో కొత్త కూలీలు లోపలికి వెళ్లారు, సంఘం చితికిపోయింది. కార్నెగీ అప్పుడు స్కాట్లండ్‌లో ఉన్నాడు. దూరంగా ఉండటమూ ఒక నిర్వహణ పద్ధతే కాబోలు.

పెట్టుబడిదారులంతా ఏకమై విదేశీ విస్తరణ కోరారన్న వ్యాసకర్త నిర్ణయం కూడా నిలవదు. 1898లో స్పెయిన్‌తో కుదిరిన పారిస్ ఒప్పందం ప్రకారం అమెరికా 2 కోట్ల డాలర్లకు స్పెయిన్ వలసగా ఉన్న ఫిలిప్పీన్స్‌ను తీసుకోబోగా, ఆ సొమ్ము తానే చెల్లించి దీవులకు స్వాతంత్ర్యం ఇప్పిస్తానన్నవాడు ఈ కార్నెగీయే. ప్రభుత్వం వినలేదు, 1899 ఫిబ్రవరిలో ఫిలిప్పినోలతో మొదలైన యుద్ధం మూడేళ్లకు పైగా సాగింది. ఫిలిప్పినోల స్వేచ్ఛకు అంత వెల కట్టినవాడు తన కార్మికుల సంఘాన్ని భరించలేకపోయాడన్న వైరుధ్యం వ్యాసం రెండో భాగంలోనైనా చోటు చేసుకోవాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం