మందు ధర తగ్గింది సరే, సీసా ఇంటికి చేరేదెలా?

సంపాదకులకు నమస్కారం.

మా అక్క మనవడికి ఎనిమిదేళ్లు. పిల్లాడికి స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ, డాక్టర్లూ తల్లిదండ్రులూ అందరూ ఎస్‌ఎంఏ అనే అంటారు. పుట్టుకతో ఒక జన్యువు లోపించడం వల్ల కండరాలను ఆడించే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బు. అన్నం తినేటప్పుడు వాడు కుడి మోచెయ్యి బల్లకు ఆనించి, ఎడమచేత్తో ఆ చేతిని కింద నుంచి పైకి తోస్తే గానీ ముద్ద నోటిదాకా రాదు. పోయినేడు ఇలా తోసుకోవాల్సిన పని లేదు, కుడిచెయ్యి దానంతటదే లేచేది. ఈ జబ్బుకు మందు ఆలస్యమైతే ఏమవుతుందో మాకు ఆ కంచం దగ్గరే తెలిసింది.

మందు ఉంది. పేరు రిస్‌డిప్లామ్, స్విట్జర్లాండ్ కంపెనీ రోష్ ఎవ్రిస్డి అనే పేరుతో అమ్ముతుంది. రోజుకోసారి సిరంజితో కొలిచి నోట్లో పోయడమే, జీవితాంతం వాడాలి. రెండేళ్లు నిండి 20 కిలోలు దాటిన పిల్లలకు రోజుకు 5 మిల్లీగ్రాములు, సీసాలో ఉండేది 60, అంటే సీసా 12 రోజులకు అయిపోతుంది. ఆ సీసా ధర సుమారు 6.2 లక్షల రూపాయలు! ఏడాదికి 30 సీసాల లెక్కన కోటీ 86 లక్షలు. కొన్ని కొంటే కొన్ని ఉచితంగా ఇచ్చే పథకం ఆ కంపెనీకి ఉంది, కాదనను, కానీ ఆ కొనాల్సినవి కొనడానికే ఇల్లూ పొలం అమ్మినా చాలని కుటుంబాలు మావి. కేంద్రం అరుదైన వ్యాధుల విధానం కింద ఇచ్చే సాయం గరిష్ఠంగా 50 లక్షలు. ఆ ధరకు ఎనిమిది సీసాలు వస్తాయి, మూడు నెలలు తిరిగేసరికి మళ్లీ మొదటికే.

ఈ పరిస్థితిని మార్చింది మన హైదరాబాద్ కంపెనీ నాట్కో. రోష్ పేటెంట్ 2035 దాకా ఉంది, నాట్కో ఈ మందు తయారు చేయకుండా ఆపమని రోష్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2025 మార్చిలో సింగిల్ జడ్జి ఆపనన్నారు, అక్టోబరు 9న డివిజన్ బెంచ్ కూడా అదే మాట చెప్పింది, అక్టోబరు 17న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. వెంటనే నాట్కో సీసా 15,900 రూపాయలకు విడుదల చేసింది. ఆ వార్త ఫోన్లో చదివి మా అక్క సున్నాలు తప్పు చూశానేమోనని నాకు పంపించి మళ్లీ చదవమంది. 2012లో కూడా లివర్, కిడ్నీ క్యాన్సర్లకు వాడే బేయర్ కంపెనీ మందుకు కంపల్సరీ లైసెన్స్, అంటే పేటెంట్ ఉన్నా తయారు చేసుకోవచ్చని ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తెచ్చుకుని, నెలకు 2,80,000 దాటిన ఖర్చును 8,880కి దించింది ఈ నాట్కోనే. గుంటూరు పెద్దాసుపత్రిలో వాళ్లు కట్టించిన క్యాన్సర్ సెంటర్ మా జిల్లావాళ్లందరికీ తెలుసు. కనిపెట్టిన కంపెనీకి ప్రతిఫలం అక్కర్లేదని నేను అనడం లేదు, అసలు కొనలేని ధర పెట్టాక ఆ పేటెంట్ వల్ల ఈ దేశపు పిల్లలకు ఒరిగిందేమిటన్నదే నా బాధ.

అయితే 15,900 కూడా తక్కువేం కాదు. ముప్పై సీసాలకు 4 లక్షల 77 వేలు, ఏటా, ఆగకుండా. అర్హులైన పేషెంట్లకు తమ యాక్సెస్ ప్రోగ్రాం ద్వారా డిస్కౌంట్ ఇస్తామని నాట్కో ప్రకటించింది, మంచిదే. అర్హులంటే ఎవరో, ఏ కాగితాలు కావాలో, ఎంత తగ్గిస్తారో, ఎన్నాళ్లు ఇస్తారో తెలుగులో రాసి ప్రతి పెద్దాసుపత్రి ఫార్మసీ దగ్గర అంటించాలని కంపెనీ పెద్దలను చేతులెత్తి అడుగుతున్నాను. తెలిసినవాళ్లుంటేనే దొరికే సాయంగా అది మిగిలిపోకూడదు.

అసలు అడగాల్సింది మన రెండు ప్రభుత్వాలను. కేరళ ఈ మందును పిల్లలకు ఉచితంగా ఇస్తోంది, అదీ పాత ధర ఉన్న రోజుల్లోనే మొదలుపెట్టింది. ఇప్పుడు అదే 50 లక్షలకు మూడువందల పైచిలుకు సీసాలు వస్తాయి, ఒక పిల్లాడికి పదేళ్లు! ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి కంపెనీతో కూర్చుని ఒకేసారి కొంటామని బేరమాడితే ధర ఇంకా దిగదా? హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, డీఎన్‌ఏ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రం నడుపుతున్నాయి కాబట్టి పిల్లల వివరాల కోసం వెతుక్కునే పని కూడా ఉండదు. గుంటూరు, విశాఖ, తిరుపతి, వరంగల్ ఆసుపత్రుల్లో ఈ సీసా ఇచ్చే ఏర్పాటు చేయాలి, ఎందుకంటే పొడిలో నీళ్లు కలిపి తయారుచేసిన మందు ఫ్రిజ్‌లో ఉంచాలి. మా అల్లుడు దాన్ని ఐస్ డబ్బాలో పెట్టుకుని బస్సులో ఒళ్లో పట్టుకుని వస్తాడు, బస్సు ఎక్కడన్నా ఆగిపోతే ఆయనకొచ్చే టెన్షన్ ఇంతా అంతా కాదు.

పోయిన నెల మాకు కావాల్సిన ఒక్క సర్టిఫికెట్ కోసం ఓ ఆఫీసులో మూడుసార్లు తిప్పారు, మూడోసారి పిల్లాడిని ఎత్తుకుని తీసుకెళ్తే గానీ సంతకం పడలేదు. ఇంకే తల్లికీ ఆ పని పడకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. ఈ మందు ఏ ఊళ్లో దొరుకుతుంది, డిస్కౌంటుకు ఎవరిని అడగాలి, ప్రభుత్వ సాయానికి దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి అన్నవి కనుక్కుని జిల్లా పేజీల్లో బాక్స్ కట్టి వేయండి, వీలైతే వారానికోసారి.

ఓ పాఠకుడు, తెనాలి