విత్తే ముందే ఊరి నీళ్ల లెక్క చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మా ఊరికి మళ్లీ బోరు బండి వచ్చింది. మా పక్క చేనులో రెండు రాత్రులు తొలిచి, 900 అడుగుల లోతు దాకా పోయి, తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ తీయలేకపోయింది. ఆ రైతు భార్య తన మెడలోని గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బది. మాకూ మూడు బోర్లు అలాగే పోయాయి కాబట్టి ఆ ఇంట్లో ఇప్పుడెలా ఉంటుందో నాకు తెలుసు.

మాది కదిరి దగ్గర పల్లె. 2003 తర్వాత కొన్నేళ్ల పాటు, అప్పటి అనంతపురంతో కలిపి ఏడు కరవు జిల్లాల్లో, రైతులే తమ భూగర్భజలాన్ని కొలుచుకునే పథకం నడిచింది. మా ఊళ్లో వర్షమాపకం చూసే పని నాకు అప్పగించారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలత, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం. ఏడో తరగతితో చదువు ఆపేసిన నేను ఆ నోటుపుస్తకాలతోనే లెక్కలు నేర్చుకున్నాను.

ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. మాకు ఏడాదికి కురిసేది 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. అందులో మా గట్టి రాతి నేలలోకి ఇంకేది మహా అయితే పదో వంతు, 2.2 లక్షలు. మరి ఎకరం వరికి పెట్టే నీళ్లు? సుమారు 48 లక్షల లీటర్లు. మడిలో పెట్టినదాంట్లో సగం తిరిగి ఇంకుతుందనుకున్నా, ఒక ఎకరం వరి పండాలంటే పదకొండు ఎకరాల వాన కావాలి. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు తప్పు చేశానేమోనని మూడుసార్లు చూసుకున్నాను. 1,500 మంది ఉన్న ఊరికి మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున ఏడాదికి మూడు కోట్ల లీటర్లు చాలు. ఆరెకరాల వరికి పెట్టే నీళ్లూ దాదాపు అంతే.

అక్టోబరులో రబీకి ముందు ఊరంతా కూర్చునేది. ఎంత కురిసింది, ఎంత ఇంకింది, ఎవరు ఏం వేయాలనుకుంటున్నారు, అన్నీ కూడితే ఎంత తక్కువ పడుతుంది అన్నది అందరికీ కనబడేలా గోడమీద రాసేవాళ్లం. వరి వేయొద్దని ఎవరూ ఎవరినీ శాసించలేదు. ఆ అంకె చూసి కొందరు తమంతట తామే ఆరుతడి పంటలకు మారారు. అందరూ మారలేదు. పథకం ముగిశాక గోడ వెలిసిపోయింది, కూర్చోవడమూ ఆగిపోయింది.

ప్రభుత్వం ఏటా మండలాలవారీగా భూగర్భజలాన్ని అంచనా వేస్తుంది. తోడుకోదగిన నీటిలో 70 శాతం లోపు వాడితే సురక్షితం, 100 దాటితే మితిమీరిన వాడకం. ఆ అంచనా అవసరమే, కాదనను. కానీ మండలం సగటులో చెరువు కింది ఊరూ మా గుట్ట కింది ఊరూ ఒకటైపోతాయి. పైగా రైతుకు ఆ అంకె కావలసింది విత్తనం కొనే ముందు.

బోర్లు వేసేవారిని నేను నిందించను. 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. అది రైతుకు ప్రాణం పోసిన మాట నిజం. మోటారుకు కరెంటు ఇచ్చినంత శ్రద్ధగా, కింద ఎన్ని నీళ్లున్నాయో కూడా చెప్పాలి కదా? వరి మానుకుని కంది, ఉలవ వేసినవారికి ధర దక్కకపోతే ఏ లెక్కా నిలవదు. ఆ సంగతి మేం అనుభవించాం.

ప్రతి ఊరూ ఏదో ఒక గ్రామ సచివాలయం కిందికి వస్తుంది, అక్కడ వ్యవసాయ సహాయకులున్నారు. ఏటా అక్టోబరు మొదటి వారంలో గ్రామసభ పెట్టి, తాగునీటిని ముందు పక్కన పెట్టి, మిగిలిన నీళ్లు ఎన్ని ఎకరాల పంటకు సరిపోతాయో లెక్కగట్టి సచివాలయం గోడమీద రాయించాలని కలెక్టర్లను కోరుతున్నాను. మా ఊరితో మొదలుపెడతామంటే నా దగ్గరున్న పదకొండు నోటుపుస్తకాలూ ఇస్తాను. వర్షమాపకం గొట్టం పగిలింది, కొత్తది ఒకటి ఇప్పించండి.

– ఒక మహిళా రైతు,
కదిరి ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా