డాబా సోలార్: ముందు నీడ చూడండి

సంపాదకులకు,

చెన్నైలో డాబా మీద సోలార్ పెట్టించుకునేవారు సబ్సిడీకంటే ముందు నీడ లెక్క చూడాలి. 3 కిలోవాట్లకు నీడపడని చోటు సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ప్యానెళ్లను వరుసగా కలుపుతారు కనుక, నీళ్ల ట్యాంకు నీడ ఒక్కదానిపై పడినా వరుస మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు. దక్షిణం వైపు 10-15 డిగ్రీల వాలు చాలు.

బీసెంట్ నగర్ లాంటి తీరంలో ఉప్పుగాలికి మామూలు బోల్టులు తుప్పుపట్టి, తుఫాను గాలికి తట్టుకోవు. స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులని కొటేషన్‌లోనే రాయించుకోండి.

ఇది తప్పక తెలియాలి: బ్యాటరీ లేని గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల విద్యుత్తును ఇంటికి పనికొచ్చేలా మార్చి, వీధి కరెంటు లైనుతో కలిపే పరికరం) కరెంటు పోగానే ఆగిపోతుంది. లైన్‌మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. కోతల్లోనూ ఫ్యాను తిరగాలంటే లైనుతోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ మొదట్లోనే అడగాలి.

- సోలార్ టెక్నీషియన్లు, చెన్నై