రెండు బళ్ల టెస్ట్ డ్రైవ్ సంగతి

అన్నలూ, టెస్ట్ డ్రైవ్ ఎలా ఉందని నిన్నంతా అడిగారు కదా, ఇదిగో. విశాఖ నుంచి బీఎండబ్ల్యూ, బెంజ్ కార్లు రెండూ విజయనగరంలో మా ఇంటికే తెచ్చారు. ఒకటైతే పెట్రోల్ లైటు వెలుగుతూనే వచ్చింది. అంత ఖరీదైన కారెక్కి ముందు బంకుకి పోవాల్సొచ్చింది!

బీఎండబ్ల్యూ ఎం340ఐ: 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 374 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ పవర్. భోగాపురం దాటాక రోడ్డు ఖాళీ చూసి ఒక్కసారి తొక్కాను. వీపు సీటుకి అతుక్కుపోయింది. పక్కన మా బావ మాటాడ్డం మానేసి పైన హ్యాండిల్ పట్టుకున్నాడు.

బెంజ్ సీ200 ఇంజన్ 1.5 లీటర్లే, 204 హార్స్‌పవర్. దానితో దీనికి పోటీ పెట్టడం అన్యాయమే, ఒప్పుకుంటాను. కానీ వెనక కూర్చున్న అమ్మ నాతవలస వచ్చేసరికి హాయిగా నిద్రపోయింది. ఇంట్లో ఓటు ఎటో అర్థమైంది కదా.

నా మనసు మాత్రం బీఎండబ్ల్యూ మీదే.

మీరు చూసేటప్పుడు హైవే ఒక్కటే నడిపి మురిసిపోకండి. మీ వీధిలో స్పీడ్ బ్రేకర్ మీదుగా నలుగురిని ఎక్కించి పోనివ్వండి. మా సందు చివరిది దాటేటప్పుడు బండి కింద రాసుకుని గర్‌ర్‌మంది, సేల్స్ అబ్బాయి మొహం చూడాలి! రెండు బళ్లూ ఒకే రోజు, ఒకే రోడ్డులో నడిపితేనే తేడా తెలుస్తుంది. టైర్లలో గాలి కూడా ముందే చూడండి.

ఆదివారం ఆడీ కారు వస్తోంది. వెనక రెండు సీట్లు ఖాళీ, ఎవరొస్తారో చెప్పండి. నడపాలంటే లైసెన్స్ తెచ్చుకోండి.