ట్రైన్ అంబులెన్స్: ముందు ఆక్సిజన్ లెక్క అడగండి

సంపాదకులకు,

హైదరాబాద్ ఆసుపత్రుల నుంచి మంచంపట్టిన రోగిని ఢిల్లీకో, బిహార్‌కో తీసుకెళ్లాలంటే విమానం ఖర్చు అందరూ భరించలేరు. అందుకే చాలామంది ‘ట్రైన్ అంబులెన్స్’ వైపు చూస్తున్నారు. పేరు విని రైల్లో ఐసీయూ ఉంటుందనుకుంటారు. ఉండేది ఫస్ట్ ఏసీలో ఒక కూపే (రెండు బెర్తుల గది), కొన్ని ఆక్సిజన్ సిలిండర్లు, వెంట ఒక నర్సు. డాక్టరు ఉంటే అదృష్టమే. ఆ ఏర్పాటును తప్పుపట్టడం లేదు. డబ్బు కట్టేముందు ఆక్సిజన్ లెక్క కాగితం మీద వేయించుకోమంటున్నాం.

నిండు బీ-టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లుంటుంది. నిమిషానికి 4 లీటర్లు పెడితే ఆరు గంటల పైచిలుకు. చివరిదాకా వాడకూడదు కాబట్టి ఐదు గంటలకే మార్చాలి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి దాదాపు 26 గంటలు. రెండు వైపులా స్టేషన్‌కీ ఆసుపత్రికీ మధ్య దారి, రైలు ఆలస్యం కలిపి 36 గంటలకు సిద్ధం కావాలి. అంటే ఎనిమిది సిలిండర్లు. మూడు చాలన్నవారి మాట వినకండి. ఒత్తిడి చూపే గేజ్‌లో ముల్లు 150 దగ్గరుంటేనే నిండు, 75 అంటే సగం. ఆక్సిజన్ ధారను అదుపుచేసే రెగ్యులేటర్ బిగించాక సబ్బునీళ్లు రాసి చూడాలి. వాషర్ అరిగితే బుడగలొస్తాయి, రాత్రికి రాత్రే సిలిండర్ ఖాళీ అవుతుంది. సిలిండర్ తెరిచే కీ, వాషర్లు, రెగ్యులేటర్ రెండేసి ఉండాలి. సిలిండర్‌తో పాటు డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి.

గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సెంట్రేటర్ ఉందిగా అంటారు. అది 230 వోల్టుల కరెంటుతో, 300 వాట్లకు పైగా లాగే యంత్రం. బోగీలో సాకెట్లు ఫోన్ల కోసం పెట్టినవి, పైగా చాలా రైళ్లలో రాత్రిపూట ఆపేస్తారు. వెంటిలేటర్ బ్యాటరీ కొన్ని గంటలకే అయిపోతుంది. గొంతులో ట్యూబు కుదుపులకు జారితే నాగపూర్, భోపాల్ మధ్య ఐదారు గంటల దారిలో చేయగలిగింది తక్కువ. వెంటిలేటర్ మీదున్న రోగిని ఇంతదూరం రైల్లో పంపొద్దనే మా సలహా.

స్ట్రెచర్ బోగీ నడవాలో మలుపు తిరగదు. గట్టి కాన్వాస్ గుడ్డలో నలుగురు మోసుకెళ్లాలి. మధ్య స్టేషన్‌లో రెండు నిమిషాల హాల్టులో అది కుదరదు, రైలు బయల్దేరే చోటే ఎక్కించాలి. సికింద్రాబాద్ రైళ్లు కొన్ని ఇప్పుడు చర్లపల్లికి మారాయి, టికెట్‌లో స్టేషన్ పేరు చూసుకోండి. డ్రిప్ బాటిల్ వేలాడదీయడానికి పై బెర్తు ఎత్తు చాలదు, మందును కొద్దికొద్దిగా నెట్టే సిరంజి పంపు అడగండి.

డిశ్చార్జి కాగితంలో ఆక్సిజన్ నిమిషానికి ఎన్ని లీటర్లో ఆసుపత్రులు రాయాలి. దక్షిణ మధ్య రైల్వే ఫస్ట్ ఏసీలో ఒక్క కూపేకైనా రాత్రంతా పనిచేసే 230 వోల్టుల సాకెట్, సిలిండర్ కట్టే కొక్కేలు ఇవ్వాలి.

– క్రిటికల్ కేర్ వైద్యులు, నర్సులు,
హైదరాబాద్