1,035 రూపాయల చలాన్ కట్టాలా, కోర్టుకు పోవాలా: ట్రాఫిక్ ఉన్నతాధికారి గారికి ఒక క్యాబ్ డ్రైవర్ బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

ఇది నేను మీకు పెట్టుకుంటున్న నాలుగో అర్జీ. ముందు మూడు సార్లు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. ప్రతిసారీ ఒకే జవాబు వచ్చింది: ‘చలాన్ సరైనదే, ఫిర్యాదు ముగించడమైనది’. నేను పంపిన ఫొటో ఎవరైనా తెరిచి చూశారో లేదో కూడా తెలియదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

నా బండి మీద ఓవర్ స్పీడ్ చలాన్ పడింది. లిమిట్ 60, నేను 71లో వెళ్లానట. వెయ్యి రూపాయల ఫైను, 35 యూజర్ చార్జీలు. నేను 71లో వెళ్లలేదని ఒట్టేసి చెప్పలేను. ఫ్లైఓవర్ దిగే చోట బండి కాస్త వేగం అందుకుంటుంది, అది నాకు తెలుసు. కానీ అక్కడ లిమిట్ 60 అని చెప్పే బోర్డు నాకు కనపడలేదు. ఎందుకు కనపడలేదో చలాన్ సంగతి తెలిసిన మర్నాడు అదే దారిలో వెళ్లినప్పుడు అర్థమైంది. బోర్డు స్తంభానికి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టి ఉంది. 60 అంకెలో సున్నా అంచు మాత్రం పైన కొద్దిగా కనిపిస్తోంది. బండి పక్కకు ఆపి ఫొటో తీశాను. తేదీ, టైము ఫొటోలోనే ఉన్నాయి. పది రోజుల తర్వాత ఫ్లెక్సీ తీసేశారు. ఫొటో పంపాక కూడా నా చలాన్ మాత్రం అలాగే ఉంది.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద నాకు ఇలాంటి పేచీ ఎప్పుడూ రాలేదు. కుడి వైపు రెండు లేన్లలో 120, ఎడమ వైపు రెండు లేన్లలో 80. దారి పొడవునా రాసి ఉంటుంది. అక్కడ నేను తప్పు చేసి దొరికితే నోరు మూసుకుని కడతాను. కెమెరాలు వద్దని నేను అనడం లేదయ్యా. మా పాప రోజూ స్కూలుకు రోడ్డు దాటి వెళ్తుంది. బండ్లు ఎంత వేగంగా వస్తాయో స్టీరింగ్ వెనక కూర్చునే నాకు ఇంకా బాగా తెలుసు.

కట్టడానికి స్టేషన్‌కు వెళ్లలేదు, అడగడానికి వెళ్లాను. ‘ఎందుకన్నా లొల్లి, కట్టేసుకో’ అన్నారు. కట్టను, కోర్టుకు పంపండి అన్నాను. ఏ కోర్టుకు వస్తుందో, ఎప్పుడు వస్తుందో అక్కడ ఎవరూ చెప్పలేదు. ‘సమన్లు వచ్చినప్పుడు చూసుకో’ అన్నారు. తెలిసిన లాయరు గారిని అడిగితే మూడు వేలు అవుతుందన్నారు. కనీసం రెండు మూడు వాయిదాలు తిరగాలట. వాయిదా ఉన్న రోజు నా బండి కదలదు. ఆ రోజు సంపాదన పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. ఎటు లెక్క వేసినా కట్టేయడమే చవక. మా ఇంటావిడ కూడా అదే అంటోంది. ‘వెయ్యి పోతే పోయింది, ఈ టెన్షన్ మనకెందుకు’ అని.

కానీ కట్టానంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా! అక్కడే నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఇంకొందరు ఆగమంటున్నారు. డిస్కౌంట్ వస్తుందట. 2022 మార్చిలో కార్లకు సగం తగ్గించారు, 2023 డిసెంబరులో 60 శాతం తగ్గించారు, మళ్లీ ఇస్తారులే అంటున్నారు. నాకు డిస్కౌంట్ వద్దు సార్. 400 కట్టినా అది నా తప్పు కిందే రాస్తారు. నేను అడిగినదానికి జవాబు కావాలి.

ఆ లాయరు గారే నాకు రెండు సంగతులు చెప్పారు. మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ ప్రకారం, బండి వేగంగా పోయిందని ఒక సాక్షి తన అంచనాతో చెబితే సరిపోదు, ఆ అంచనాకు యంత్రం ఆధారం ఉండాలి. అంటే అంతా ఆ యంత్రం మీదే నిలబడి ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ ఏం చెబుతుందంటే, ఆ యంత్రానికి రాష్ట్రం నియమించిన అధికారి ఆమోద పత్రం ఉండాలి, దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి. కెమెరాలు పెట్టిన దారిలో హెచ్చరిక బోర్డులు స్పష్టంగా కనపడేలా పెట్టాలి. నోటీసు 15 రోజుల్లోపు పంపాలి. నాకు మెసేజ్ రానేలేదు. 40 రోజుల తర్వాత ఒక జంక్షన్‌లో ట్రాఫిక్ పోలీసులు బండి ఆపి ఫోనులో చూసి, ‘నీ మీద పెండింగ్ ఉంది’ అన్నప్పుడే తెలిసింది. ప్యాసింజర్ వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. ఆయన ముందు తలెత్తలేకపోయాను.

చలాన్‌లో ఉన్న ఫొటోలో నా బండి నంబరు ఉంది, 71 ఉంది. బోర్డు ఎక్కడా లేదు. నా వేగం కొలిచిన ఆ స్పీడ్ గన్‌కు పత్రం ఉందా, చివరిసారి ఎప్పుడు చెక్ చేశారు? మూడు ఫిర్యాదుల్లోనూ ఇదే అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు.

దయచేసి ఆ పత్రం చూపించండి. నేను పంపిన ఫొటో చూడండి. ఆ ఫ్లెక్సీ ఉన్న రోజుల్లో అదే చోట ఇంకెంత మందికి చలాన్లు పడ్డాయో వాటినీ చూడండి. వాళ్లలో చాలామంది నాలాంటి డ్రైవర్లే అయి ఉంటారు, ఈపాటికి కట్టేసి ఉంటారు. ఫిర్యాదు ముగించేటప్పుడు ఎందుకు ముగించారో ఒక్క వాక్యం రాయమని మీ సిబ్బందికి చెప్పండి. కోర్టుకు పోతానన్న మనిషికి ఏ కోర్టో, ఏ తేదీయో అక్కడే కాగితం ఇప్పించండి.

పత్రం సరిగ్గా ఉండి, బోర్డు కనపడేదేనని మీరు నాకు చూపిస్తే ఆ రోజే 1,035 కడతాను. చూపించకపోతే కట్టను. సమన్లు వచ్చిన రోజు బండి ఇంటి దగ్గర పెట్టి కోర్టుకే వస్తాను. ఇంట్లో కూడా చెప్పేశాను.

ఇట్లు,
పదమూడేళ్లుగా బండి నడుపుతున్న ఒక క్యాబ్ డ్రైవర్