గుండె ఆపరేషన్ గాయం చెడితే ఎవరు చూడాలి? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా,

మాది పలమనేరు పక్కన పల్లె. మా పెదనాయనకు తిరుపతిలో బైపాస్ చేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది, డాక్టర్ల మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఇంటికొచ్చిన రెండో వారంలో "దగ్గితే రొమ్ము కటకటమంటా ఉండాది రా" అన్నాడు. గాయం కింది కొసన చొక్కాకు అంటుకునేంత తడి. ఊళ్లో ఆర్‌ఎంపీ "కుట్టు దగ్గర కొంచెం చీము, అంతే" అని మాత్రలిచ్చి రోజూ కట్టు మార్చాడు. జ్వరం ముదిరాక గానీ మేం మొగిలి ఘాట్ దిగలేదు.

బైపాస్‌కు రొమ్మెముకను నిలువునా కోసి, పనయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. దగ్గినప్పుడు ఆ కటకట చప్పుడు వచ్చిందంటే ఎముక వదులైందని, చీము కూడా ఉంటే లోపలిదాకా ఇన్ఫెక్షన్ పాకి ఉండొచ్చని అనుమానించాలి. అది కట్లతో తగ్గేది కాదు. మళ్లీ థియేటర్‌లో గాయం తెరిచి, చెడిన భాగం తీసేసి, ఏ క్రిమో తేల్చడానికి చీమును కల్చర్ పరీక్షకు పంపి, దానికి తగిన యాంటీబయాటిక్ వారాల తరబడి ఎక్కించాలి. గాయంలో స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ అతికించి, మిషన్‌తో చెడునీరు లాగుతారు. దాన్నే వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ అంటారు. చాలామందికి ఆఖర్న రొమ్ము కండను జరిపి గుంత పూడ్చాల్సి వస్తుంది. అంటే ఇంకో పెద్ద ఆపరేషనే. మాకు మాత్రం ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో "మీ ప్యాకేజీ అయిపోయిందండీ, ఇది వేరే" అన్నారు. పాడావులు రెండూ అమ్మేశాం.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం పేర్లు మారుతూ వచ్చినా మాలాంటివాళ్లకు గుండె ఆపరేషన్ అంటే అదే దిక్కు. గాయం చెడితే ఆ వైద్యం కూడా మొదటి ఆపరేషన్ లెక్కలోకే రావాలి. కొత్త అప్రూవల్ కోసం రోగిని కూర్చోబెట్టకూడదు.

డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఇస్తే మా పెదనాయన దాన్ని దేవుడి పటం వెనక దాచాడు. తెలుగులో ఒక్క పేజీ చాలు: చీము, జ్వరం, ఎముక చప్పుడు ఉంటే ఏ నంబరుకు ఫోన్ చేయాలో. డిశ్చార్జి అయినవాళ్ల పేర్లు వాళ్ల పీహెచ్‌సీకి పంపితే ఏఎన్‌ఎం ఇంటికొచ్చి గాయం, షుగర్ చూడొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు, బీడీ తాగేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. (మా పెదనాయనకు మూడింట్లో రెండున్నాయి.)

ఏ ఆసుపత్రిలో ఎన్ని గాయాలు చెడుతున్నాయో లెక్క బయటపెట్టండి. అలా చేస్తే లెక్క పెరుగుతుందన్న భయంతో ఆసుపత్రులవాళ్లు షుగర్ పేషెంట్లను ఆపరేషన్‌కు తీసుకోరని కొందరంటున్నారు. ఆ టెన్షన్ నిజమే. అందుకే ముప్పు ఎక్కువున్నవాళ్ల లెక్క విడిగా చూపించమంటున్నాం. ముందు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మొదలుపెట్టించండి.

ఇట్లు,
పలమనేరు నుంచి ఒక రోగి బంధువు